జబ్బు, కుటుంబం, మూలాలు: పిల్లల గ్రాఫిక్ నవలల్లో మీ ఇంటికి ఏది సరిపోతుంది?

ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే పిల్లలకు ఏం చెప్పాలో మనకు తోచదు. "ఏం కాదులే, నువ్వెళ్లి చదువుకో" అని పక్క గదిలోకి పంపేస్తాం. పిల్లలు వెళ్తారు, కానీ చెవులు ఇటే ఉంటాయి. ఫోన్‌లో డాక్టరుతో అమ్మ మాట్లాడిన ముక్కలూ, నాన్న ముభావంగా ఉండటమూ కలిపి వాళ్లకు వాళ్లే ఒక కథ అల్లుకుంటారు. అది చాలాసార్లు అసలు సంగతి కంటే భయంకరంగా ఉంటుంది. అలాంటి ఇంట్లో ఒక మంచి బొమ్మల నవల ఉంటే, మన పిల్లలు నోరు తెరిచి అడగలేని ప్రశ్నలు పుస్తకంలోని పిల్లలు అడుగుతారు. వాటికి జవాబు చెప్పుకుంటూ మన ఇంటి సంగతి కూడా మాట్లాడుకోవచ్చు.

కుటుంబం, అనారోగ్యం, పెద్దల నుంచి వచ్చిన ఆచారాలు ఈ మూడూ కలిసిన గ్రాఫిక్ నవలలు ఇంగ్లీషులో 2014 నుంచి 2020 మధ్య కొన్ని చాలా మంచివి వచ్చాయి. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లల కోసం రాసినవి. వరంగల్‌లోనో విజయవాడలోనో ఇంగ్లీషు మీడియం చదివే పిల్లలకూ, డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పెరుగుతున్న మన పిల్లలకూ భాష పెద్ద అడ్డంకి కాదు. వాటిలో ఏది ఏ ఇంటికి అన్నదే తేల్చుకోవాలి.

చాలామంది అట్ట వెనక వేసిన వయసు చూసి కొంటారు. ఇంకొందరు "మనవాళ్ల గురించి ఉందా" అని చూస్తారు. రెండూ చూడాల్సినవే. కానీ వాటికంటే ముందు కథ చెప్పేది ఎవరో చూడమంటాను. జబ్బుపడిన పిల్లే చెబుతోందా? ఆ పిల్ల అక్కా? స్నేహితురాలా? తమ్ముణ్ని కనిపెట్టుకుని ఉండే అన్నా? మీ ఇంట్లో చదవబోయే పిల్ల ఏ స్థానంలో ఉందో కథ చెప్పే పిల్ల కూడా అదే స్థానంలో ఉంటే, ఆ కథ సోమాలియాదైనా సరే గుంటూరు పిల్లకు తగులుతుంది. స్థానం కుదరకపోతే మన పండగలూ మన తిండీ ఎంత ఉన్నా పిల్లకు అది వేరేవాళ్ల కథే.

ఘోస్ట్స్: అక్క చెప్పే కథ

రెయినా టెల్గమయర్ 2016లో రాసి, బొమ్మలు వేసిన పుస్తకం. ఆ మరుసటి ఏడు పిల్లల విభాగంలో, బొమ్మల కథలకు ఇచ్చే ఐస్నర్ అవార్డు వచ్చింది. కత్రీనా అక్క, అందరూ క్యాట్ అంటారు. మాయా చెల్లెలు. మాయాకు సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే పుట్టు జబ్బు. ఊపిరితిత్తుల్లో కఫం చిక్కబడి పేరుకుపోతుంది, అరుగుదల కూడా దెబ్బతింటుంది. చల్లటి సముద్రపు గాలి మాయాకు మంచిదని కుటుంబమంతా దక్షిణ కాలిఫోర్నియా వదిలి, ఉత్తర తీరంలోని బహియా దె లా లూనా అనే ఊరికి మారుతుంది. ఊరు కల్పితం. స్నేహితులను వదిలి రావడం క్యాట్‌కు బొత్తిగా ఇష్టం లేదు. చెల్లెలి ఆరోగ్యం కోసం వచ్చారు కాబట్టి గట్టిగా అలగడానికి కూడా వీల్లేదు.

జబ్బున్న పిల్లకు తోడబుట్టినవాళ్ల బతుకులో అసలు కష్టం ఇక్కడే ఉంది. అమ్మానాన్నల టైమంతా అటు పోతుంది. పుట్టినరోజు వాయిదా పడుతుంది, ఊరెళ్లడం రద్దవుతుంది. కోపం వస్తుంది, కోపం వచ్చినందుకు సిగ్గేస్తుంది. ఈ రెండూ ఒకే పిల్లలో కలిసి ఉండటం క్యాట్ ముఖంలో కనిపిస్తుంది. టెల్గమయర్ బొమ్మల్లో కనుబొమలు, నోటి వంపు చాలా పని చేస్తాయి. ఒక గడిలో క్యాట్ మాట సర్దుబాటుగా ఉంటుంది, ముఖం మాత్రం ఉండదు. ఇది మాటల్లో రాస్తే పేరా పడుతుంది, బొమ్మలో పిల్లలు అరక్షణంలో పట్టేస్తారు.

ఆ ఊళ్లో దయ్యాలు ఉన్నాయని పక్కింటి అబ్బాయి కార్లోస్ చెబుతాడు. మాయా ఎగిరి గంతేస్తుంది. దయ్యం కనిపిస్తే చనిపోవడం ఎలా ఉంటుందో అడిగి తెలుసుకోవాలని తన ఆశ. క్యాట్‌కు ఆ మాట వింటేనే వణుకు. జబ్బుపడిన చిన్నపిల్లకు లేని భయం ఆరోగ్యంగా ఉన్న అక్కకు ఉండటం ఈ పుస్తకానికి గుండెకాయ. మాయా దయ్యాలతో ఉత్సాహంగా ఆడబోయి ఊపిరి అందక ఆసుపత్రి పాలవుతుంది. అప్పటి నుంచి క్యాట్‌ను పట్టుకునేది దయ్యాల భయం ఒక్కటే కాదు, నేను దగ్గరుండి కూడా కాపాడలేకపోయానన్న బాధ.

ఇక ఆచారం సంగతి. క్యాట్ వాళ్లమ్మది మెక్సికన్ మూలాలున్న కుటుంబం, కానీ తన తల్లి పాటించిన పద్ధతులకు దూరమై బతుకుతోంది. కొత్త ఊరు మాత్రం ఏటా మృతుల పండగను ఘనంగా చేసుకుంటుంది. నవంబరు 1, 2 తేదీల్లో చనిపోయినవాళ్ల ఫొటోలు పెట్టి, బంతిపూలు పరిచి, వాళ్లకు ఇష్టమైన తిండి పెట్టి పిలుచుకునే పండగ ఇది. 2008లో యునెస్కో దీన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అమ్మమ్మను ఎప్పుడూ చూడని మాయా ఆమె కోసం ఎదురుచూడటం మొదలుపెడుతుంది.

మన పిల్లలకు ఇది అంత కొత్తగా అనిపించదు. తెలంగాణలో పెత్రమాస నాడు పెద్దలకు పెడతాం, ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ మొదలవుతుంది. కోస్తాలో సంక్రాంతికి పెద్దల పేరున కొత్తబట్టలు పెట్టి దండం పెట్టుకునే ఇళ్లు ఎన్నో. "మనం తాతయ్యకు పెట్టినట్టే కదా" అని పిల్లే అంటే అక్కడే ఆగి, తాతయ్యకు ఏ కూర ఇష్టమో, ఎలా మాట్లాడేవాడో చెప్పండి. ఈ పుస్తకం నాకు ఎక్కువగా నచ్చేది ఇందుకే. చావు గురించి మాట్లాడటానికి భయం లేని దారి ఒకటి చూపిస్తుంది, ఆ దారి మన ఇళ్లలోనూ ఉందని గుర్తుచేస్తుంది.

రెండు విషయాల్లో మాత్రం జాగ్రత్త పడాలి. కథలో దయ్యాలకు బతికున్నవాళ్ల ఊపిరి కావాలి. ఊపిరితిత్తుల జబ్బు ఉన్న పిల్ల, లేదా ఉబ్బసంతో రాత్రుళ్లు లేచి కూర్చునే పిల్ల దీన్ని ఒంటరిగా చదివితే బెదరవచ్చు. పక్కన కూర్చుని చదవండి. రెండోది చరిత్ర. దయ్యాలు చేరే చోటు పాత స్పానిష్ మిషన్, అంటే క్రైస్తవ మతప్రచార కేంద్రం. 1769 నుంచి 1823 దాకా స్పెయిన్ మతగురువులు కాలిఫోర్నియాలో ఇలాంటివి 21 కట్టారు. వాటిలో అక్కడి ఆదివాసులను మతం మార్చి పని చేయించారు, రోగాలతో వేలమంది చనిపోయారు. అలాంటి చోటును హాయిగా ఆడిపాడే దయ్యాల ఇల్లుగా చూపడం మీద పుస్తకం వచ్చిన కొత్తలోనే విమర్శలు వచ్చాయి. ఆ విమర్శ న్యాయమైనదే అనుకుంటాను. పదేళ్లు దాటిన పిల్లకైతే ఆ సంగతి చెప్పి చదివించండి. పుస్తకం విలువ అందువల్ల పోదు, పిల్లకు ఇంకో చూపు వస్తుంది.

వైద్యం విషయం కూడా ఒకటి చెప్పాలి. పుస్తకం 2016 నాటిది. 2019 అక్టోబరులో మూడు మందులు కలిపిన ట్రైకాఫ్టాకు అమెరికా అనుమతి ఇచ్చింది, ముందు పన్నెండేళ్లు దాటినవాళ్లకు, తర్వాత ఇంకా చిన్నపిల్లలకు. జన్యువులో ఫలానా రకం లోపాలు ఉన్నవాళ్లకే అది పనిచేస్తుంది, ఖరీదు కూడా చాలా ఎక్కువ. అయినా ఎందరి జీవితాలనో మార్చింది. మాయా కథలో ఆ ఆశ లేదు. పిల్ల "మాయా చచ్చిపోతుందా" అని అడిగితే పుస్తకం తర్వాత కొత్త మందు వచ్చిందని చెప్పవచ్చు. అబద్ధం చెప్పాల్సిన పని లేదు.

స్టార్‌గేజింగ్: స్నేహితురాలు చెప్పే కథ

జెన్ వాంగ్ 2019లో తెచ్చింది. క్రిస్టీన్, మూన్ ఇద్దరూ ఒకే చైనీస్ అమెరికన్ శివారు కాలనీలో పెరిగిన పిల్లలు. ఇద్దరికీ పోలికే లేదు. క్రిస్టీన్ బుద్ధిమంతురాలు, వయొలిన్ సాధన, చైనీస్ క్లాసులు, చర్చి, మార్కుల టెన్షన్. మూన్ వాళ్లు బౌద్ధులు, శాకాహారులు. ఆ పిల్ల దుడుకుది, బొమ్మలు వేస్తుంది, ఎవరైనా ఏడిపిస్తే చెయ్యి చేసుకుంటుంది. మూన్, వాళ్లమ్మ వచ్చి క్రిస్టీన్ ఇంటి వెనకున్న చిన్న ఇంట్లో దిగాక ఇద్దరూ విడదీయరాని జంట అవుతారు. అమ్మానాన్నలు చూడనప్పుడు కాలిగోళ్లకు రంగు వేసుకోవడం, పాటల వీడియోలు చూసి డాన్సులు.

మూన్ ఒక రహస్యం చెబుతుంది. నక్షత్రాల్లోంచి దేవతల్లాంటివాళ్లు కనిపించి మాట్లాడతారని, నీ చోటు భూమి కాదని అంటారని. క్రిస్టీన్ నమ్ముతుంది, మనమూ నమ్ముతాం. ఆ దర్శనాలకు కారణం మెదడులో కణితి అని తర్వాత తెలుస్తుంది. చిన్నప్పుడు తనకే మెదడు కణితి ఉండేదని, ఆ అనుభవం నుంచే ఈ కథ పుట్టిందని వాంగ్ చెప్పింది. అందుకేనేమో జబ్బును దయ్యంలాగానో శిక్షలాగానో చూపలేదు. అది ఒక పిల్ల ఊహల్లో అందమైన భాగంగా ఉంటూ వచ్చి, ఉన్నట్టుండి ప్రాణం మీదికి తెస్తుంది.

ఈ పుస్తకం మీ ఇంటికి ఎప్పుడు? క్లాసులో, అపార్ట్‌మెంట్లో, బంధువుల్లో ఒక పిల్లకు పెద్ద జబ్బు వచ్చి, మీ పిల్ల ఆ పిల్లను చూడటానికి వెళ్లనని మొండికేస్తున్నప్పుడు. క్రిస్టీన్ అదే చేస్తుంది. జబ్బు బయటపడకముందు మూన్ మీద అసూయతో చేయకూడనిది చేసింది. ఇప్పుడు ఆ సిగ్గుతో ఆసుపత్రికి వెళ్లలేదు. "స్నేహితురాలు అలా పడి ఉంటే చూడటానికి వెళ్లవేంటి" అని పెద్దవాళ్లు కసురుకుంటారు గానీ, లోపల ఏం నలుగుతోందో పిల్ల చెప్పదు. క్రిస్టీన్ కథ చదివాక చెప్పే అవకాశం ఉంది.

మన తెలుగు ఇళ్లకు ఈ పుస్తకం బాగా దగ్గర. అమెరికాలో వారాంతపు తెలుగు బడి, కూచిపూడి క్లాసు, గణితం ట్యూషన్ మధ్య నలిగే పిల్ల క్రిస్టీన్ ముఖం చూడగానే గుర్తుపడుతుంది. ఘోస్ట్స్‌లో ఆచారం ఊరటనిస్తుంది. ఇక్కడ అది కొలబద్ద కూడా అవుతుంది. మంచి చైనీస్ పిల్ల అంటే ఇలా ఉండాలి అన్న కొలతలో క్రిస్టీన్ ఇరుక్కుంటుంది, మూన్ ఆ కొలతకు అందదు. "మన పిల్లలు ఇలా ఉండరు" అన్న మాట ఎప్పుడైనా అన్న అమ్మానాన్నలు కూడా కూర్చుని చదవాల్సిన పుస్తకం.

పిల్లలతో ఒక మాట తప్పక చెప్పాలి. ఊహల్లో స్నేహితులు ఉండటం ఆ వయసులో మామూలే, ఊహించుకునేవాళ్లందరికీ కణితి ఉండదు. లేకపోతే పడుకునే ముందు "నాక్కూడా ఉందా" అని అడగడం ఖాయం.

వెన్ స్టార్స్ ఆర్ స్కాటర్డ్: అన్న చెప్పే కథ

అన్నిటిలోకీ బరువైనది ఇదే, అన్నిటిలోకీ నిజమైనది కూడా. ఒమర్ మొహమ్మద్ తన బాల్యం చెప్పగా విక్టోరియా జేమీసన్ బొమ్మల్లోకి తెచ్చింది, 2020లో వచ్చింది. అమెరికా నేషనల్ బుక్ అవార్డు తుది జాబితాకు చేరింది. సోమాలియా యుద్ధంలో తండ్రిని పోగొట్టుకుని, తల్లి నుంచి విడిపోయి, ఒమర్ తన తమ్ముడు హసన్‌తో కెన్యాలోని దదాబ్ శరణార్థి శిబిరానికి చేరతాడు. 1991 తర్వాత 90 వేల మంది కోసం వేసిన ఆ శిబిరాల్లో ఒక దశలో నాలుగు లక్షలకు పైగా జనం ఉన్నారు. ఈ అన్నదమ్ములు అక్కడే పెరుగుతారు.

హసన్‌కు మాటలు రావు. సోమాలీ భాషలో అమ్మను పిలిచే "హూయో" అన్న ఒక్క మాటే అంటాడు. సంతోషమైనా భయమైనా ఆకలైనా అదే. మూర్ఛలు వస్తుంటాయి. పేజీల్లో ఆ మాట మళ్లీ మళ్లీ కనిపిస్తుంటే, ప్రతిసారీ హసన్ ముఖాన్ని బట్టి అది దేనికో తెలుసుకోవడం మన పిల్లలకు అలవాటైపోతుంది. కథ సగానికి వచ్చేసరికి వాళ్లూ ఒమర్‌లాగే హసన్‌ను చదవడం నేర్చుకుని ఉంటారు.

ఒమర్‌కు బడికి వెళ్లే అవకాశం వస్తుంది. వెళ్తే తమ్ముణ్ని ఎవరు చూస్తారు? పెంపుడు తల్లి ఫాతుమా ఉంది, అయినా వాడి మనసు ఒప్పదు. ఈ ముడి మీదే పుస్తకం చాలా భాగం నడుస్తుంది. ఆటిజమ్, సెరిబ్రల్ పాల్సీ, మూర్ఛ ఉన్న తమ్ముడో చెల్లెలో ఉన్న పిల్లలకు ఇది తెలిసిన ముడే. వాళ్లను మనం "మంచివాడు, తమ్ముణ్ని ఎంత బాగా చూసుకుంటాడో" అని మెచ్చుకుంటాం. ఆ మెప్పు వాళ్ల భుజాల మీద ఇంకాస్త బరువు పెడుతుందని మనకు తట్టదు. ఒమర్ చదువుకోవాలని ఆశపడటం స్వార్థం కాదని పుస్తకం ఎక్కడా పాఠంలా చెప్పదు. వాడు బడికి వెళ్తాడు, హసన్ ఉంటాడు, రోజులు గడుస్తాయి.

ఇక్కడ జబ్బుకు ఆసుపత్రి జవాబు దాదాపు లేదు. మందులు, పరీక్షలు, నిపుణులు అందని చోట జబ్బుతో బతకడం ఎలాగో చూపిస్తుంది. ఆచారం అంటే ఇక్కడ పండగ రోజు కాకుండా ఇరుగుపొరుగు కలిసి పిల్లలను పెంచడం, నమాజు, ఉన్నది పంచుకోవడం. తోటి ఆడపిల్లకు చిన్న వయసులోనే పెళ్లి చేసేయడం కూడా ఉంది. తొమ్మిదేళ్లలోపు పిల్లలకు ఇవ్వకండి. పదకొండేళ్ల పిల్లలతో అయితే అమ్మానాన్నలూ పక్కన కూర్చోండి, ప్రశ్నలు చాలా వస్తాయి. నిజ జీవితంలో ఒమర్, హసన్ 2009లో అమెరికా చేరారు, చాలా ఏళ్లకు తల్లి ఆచూకీ కూడా దొరికింది. చదివేటప్పుడు పిల్ల మరీ బెంబేలెత్తితే ఆ సంగతి ముందే చెప్పేయండి, కథ పాడవదు.

జబ్బు నాదే అయితే: ఎల్ డెఫో

పై మూడింటిలోనూ కథ చెప్పేది పక్కన ఉన్నవాళ్లు. మీ పిల్లే మందులు వేసుకుంటున్న పిల్ల అయితే ఎల్ డెఫో ముందు ఇవ్వండి. సీసీ బెల్ 2014లో తన చిన్నతనాన్నే రాసి బొమ్మలు వేసింది. నాలుగేళ్ల వయసులో మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) వచ్చి వినికిడి పోయింది. బొమ్మల్లో అందరూ కుందేళ్లే, పొడుగు చెవులతో. బడిలో ఫోనిక్ ఇయర్ అనే పెద్ద యంత్రం ఛాతీకి కట్టుకుని వెళ్తుంది. టీచరు మెడలో మైకు ఉండటంతో ఆవిడ ఎక్కడున్నా, గది బయట ఉన్నా, సీసీకి వినిపిస్తుంది. సిగ్గుపడాల్సిన వస్తువు కాస్తా ఆ పిల్లకు సూపర్ పవర్ అవుతుంది.

ఒక పేజీ చాలు ఈ పుస్తకం గొప్పతనం తెలియడానికి. యంత్రంలో బ్యాటరీ అయిపోతున్నప్పుడు మాటల బుడగల్లో అక్షరాలు నల్లరంగు నుంచి బూడిదరంగుకు వెలిసిపోతూ చివరికి ఖాళీ బుడగ మిగులుతుంది. చెవుడు అంటే ఏమిటో నేను ఎన్ని మాటల్లో చెప్పినా ఆ ఖాళీ బుడగంత బాగా చెప్పలేను. 2015లో అమెరికాలో పిల్లల పుస్తకాలకు ఇచ్చే న్యూబెరీ ఆనర్ వచ్చింది, 2022లో యానిమేషన్ సిరీస్ కూడా వచ్చింది.

దీన్లో వారసత్వం, ఆచారం అంటూ పెద్దగా ఏమీ లేదు. వర్జీనియాలో ఒక మామూలు కుటుంబం. అయినా ఈ పోలికలోకి తెచ్చాను. ఎందుకంటే జబ్బున్న పిల్లకు ఘోస్ట్స్ ఇస్తే, తనను చూసి అక్క ఎంత భయపడుతోందో చదవాల్సి వస్తుంది. కొందరు పిల్లలకు అది కనువిప్పు, కొందరికి మోయలేని బరువు. ఎల్ డెఫోలో ఆ బరువు లేదు. "నన్ను జాలిగా చూడకండి, గట్టిగా అరిచి మాట్లాడకండి" అని ఒక పిల్ల తన నోటితో చెబుతుంది. పోలియో కాలు, మధుమేహం ఇంజెక్షన్లు, చెవి మిషన్ దేనితో బతుకుతున్నా ఆ మాట పనికొస్తుంది.

మన దేశం కథ కావాలంటే

నిధి చనానీ 2017లో తెచ్చిన పష్మీనా పేరు చాలామంది చెబుతారు. ప్రియాంకా అనే అమ్మాయి, నోరు విప్పని అమ్మ, పెట్టెలో దొరికిన శాలువా, అది కప్పుకోగానే రంగుల భారతదేశం, దారి చూపే ఏనుగు, నెమలి, చివరికి కోల్‌కతాలో పిన్ని ఇల్లు. ప్రియాంకా రోజువారీ బతుకును రంగు లేకుండా వేసి, శాలువా లోకాన్ని మాత్రం రంగుల్లో ముంచారు. అమ్మ మనసులోని పాత గాయం గురించి అయితే మంచి పుస్తకమే. కానీ జబ్బు ఇందులో అసలు విషయం కాదు. అనారోగ్యం గురించి మాట్లాడటానికి మాత్రమే పుస్తకం వెతుకుతుంటే, ఇండియా ఉంది కదా అని దీన్ని తీసుకోకండి.

పక్కపక్కన పెట్టి చూస్తే

కన్నీళ్ల మోతాదులో వెన్ స్టార్స్ ఆర్ స్కాటర్డ్ ముందు, తర్వాత ఘోస్ట్స్. నవ్వు ఎక్కువ ఉన్నది ఎల్ డెఫోలో. స్టార్‌గేజింగ్ మొదటి సగం హాయిగా నడిచి, ఆ తర్వాత ఒక్కసారిగా గుండె జారుస్తుంది. చావు గురించి సూటిగా మాట్లాడేది ఘోస్ట్స్ ఒక్కటే. అందుకే ఇంట్లో ఎవరైనా పోయి కొన్ని నెలలైనా గడిచాక ఇవ్వాల్సింది అదే, ఐసీయూ బయట కూర్చున్న వారంలో మాత్రం ఇవ్వకూడదు. ఆ వారంలో ఏ కొత్త పుస్తకమూ వద్దు, పిల్లకు ఇప్పటికే కంఠతా వచ్చిన పాత పుస్తకం చాలు.

నయం కావడం విషయంలో ఇవి దేనికదే వేరు. మాయాకు నయం కాదు, హసన్‌కూ కాదు, సీసీకి వినికిడి తిరిగి రాదు. మూన్‌కు మాత్రం ఆపరేషన్ అవుతుంది. మీ ఇంట్లోది ఏళ్ల తరబడి ఉండే జబ్బు అయితే మూన్ కథ ఒక్కటే ఇవ్వకండి, "ఆపరేషన్ చేస్తే అయిపోతుంది కదా, మనం ఎందుకు చేయించట్లేదు" అన్న ప్రశ్న వస్తుంది. దానికి పిల్లను తప్పుపట్టలేం.

తలసీమియా అనే పుట్టు రక్త జబ్బు ఉన్న ఇళ్లకు విడిగా చెప్పాలి. పిల్లకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, ఇంటి క్యాలెండరంతా దాని చుట్టూ తిరుగుతుంది. తోడబుట్టిన అక్కో అన్నో ఉంటే ఘోస్ట్స్ సరిగ్గా సరిపోతుంది. ఇంకో పోలిక కూడా ఉంది. సిస్టిక్ ఫైబ్రోసిస్, తలసీమియా మేజర్, మన ఏజెన్సీ ప్రాంతాల్లో కనిపించే సికిల్ సెల్ జబ్బు, మూడూ తల్లి నుంచి లోపమున్న ఒక జన్యువు, తండ్రి నుంచి లోపమున్న ఒక జన్యువు కలిస్తే వచ్చేవే. ఇద్దరూ వాహకులైతే, అంటే తమకు జబ్బు లేకపోయినా ఆ జన్యువు ఒకటి ఉన్నవాళ్లైతే, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. మేనరికం చేసుకున్న ఇళ్లలో బంధువులు పిల్లల ముందే "వద్దన్నా వినకుండా చేసుకున్నారు" అంటుంటారు. పిల్లలు ఆ మాట పట్టుకుని అమ్మదా తప్పు, నాన్నదా అని లోలోపల లెక్క వేసుకుంటారు. మాయా కథ చదువుతున్నప్పుడు ఈ లెక్కను మామూలు మాటల్లో విప్పి చెప్పండి. ఆ జన్యువు తమలో ఉందని వాళ్లకు కూడా తెలియదు, ఎవరూ కావాలని ఇచ్చింది కాదు అని చెబితే పిల్ల నెత్తిమీంచి పెద్ద భారం దిగుతుంది. ఈ మాట పిల్లతో అనాలంటే ముందు అమ్మానాన్నలు ఒకరితో ఒకరు అనుకోగలగాలి. అందుకే పుస్తకం ముందు మీరు చదవండి.

బామ్మకు మతిమరుపు జబ్బు, తాతయ్యకు పక్షవాతం ఉన్న ఇళ్లకు వీటిలో ఏదీ అచ్చంగా సరిపోదు. దగ్గరగా వచ్చేది ఘోస్ట్స్, అదీ అమ్మమ్మ జ్ఞాపకాలను పోగుచేసుకునే భాగం వరకు. నోటితో చెప్పలేని మనిషిని ముఖం చూసి అర్థం చేసుకోవాల్సిన పరిస్థితి అయితే హసన్ కథ ఇంకా దగ్గర. మాట పడిపోయిన తాతయ్య దగ్గరికి వెళ్లడానికి జంకే పన్నెండేళ్ల పిల్లకు నేనైతే అదే ఇస్తాను.

ఇంగ్లీషు రాని అమ్మమ్మ పక్కన కూర్చుంటే ఎలా అని అడుగుతారు. నిజానికి గ్రాఫిక్ నవలలో ఉన్న సుఖం అదే. బొమ్మ చూపిస్తూ పిల్లను తెలుగులో చెప్పమనండి. చందమామ చదివి పెరిగిన తరానికి బొమ్మ చూసి కథ పట్టుకోవడం తెలుసు. మృతుల పండగ పేజీల దగ్గర అమ్మమ్మే ఆపి, వాళ్ల ఊళ్లో పెద్దలకు ఎలా పెట్టేవారో చెప్పడం మొదలుపెడితే పుస్తకం ఆ పూటకు అక్కడే ఆగినా ఫర్వాలేదు.

కొనేటప్పుడు ఒక్క సంగతి. ఇవన్నీ రంగుల పుస్తకాలు, రంగు కూడా కథ చెబుతుంది. చిన్న ఫోన్ తెర మీద ఎల్ డెఫో బుడగలు వెలిసిపోవడం గానీ, క్యాట్ ముఖంలో మార్పు గానీ సరిగ్గా కనిపించవు. పేపర్‌బ్యాక్ దొరికితే అదే తీసుకోండి. ఈ-పుస్తకమే గతి అయితే ట్యాబ్‌లో, పేజీ మొత్తం ఒకేసారి కనిపించేలా పెట్టుకోండి. ఆన్‌లైన్ దుకాణాల్లో మొదటి కొన్ని పేజీలు ఉచితంగా చూపిస్తారు. రెండు పుస్తకాల మధ్య తేల్చుకోలేకపోతే ఆ పేజీలు పిల్లకే చూపించి, ఎవరి కథ ముందు వినాలని ఉందో అడగండి.